న్యూజెర్సీలో తులిప్, డాఫోడిల్ దుంపలు ఎప్పుడు, ఎలా నాటాలి?

ప్రశ్న: నమస్కారం. మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటున్నాము. ఏప్రిల్‌లో ఇరుగుపొరుగు ఇళ్ల ముందు విరగబూసిన తులిప్‌లను చూసి, మేమూ ఒక పూలమడి వేయాలనుకొని, సెప్టెంబరు మొదట్లోనే తులిప్, డాఫోడిల్, క్రోకస్ దుంపలు కొన్నాము. వీటిని ఇప్పుడే నాటవచ్చునా? ఎంత లోతున పెట్టాలి? మాది బంకమట్టి నేల. పైగా ఉడుతలు, జింకలు ఎక్కువ.

సమాధానం: నమస్కారమండి. దయచేసి ఇప్పుడే నాటకండి. నేల ఇంకా వెచ్చగా ఉండగా నాటితే తులిప్ దుంపలకు తెగుళ్లు సోకే ప్రమాదం ఎక్కువ. నేల లోపలి ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగేవరకు ఆగండి. మీ ప్రాంతంలో అది సాధారణంగా అక్టోబరు రెండో సగంలో వస్తుంది. వేళ్లూనడానికి ఎక్కువ వ్యవధి కావాలి కాబట్టి డాఫోడిల్‌ను ముందుగా నాటి, తులిప్‌ను నవంబరు మధ్య వరకు ఆపినా నష్టం లేదు. అంతవరకు దుంపలను కాగితపు సంచిలోనో వల సంచిలోనో వేసి, చల్లగా గాలి ఆడే చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఆపిల్ పండ్ల పక్కన పెట్టవద్దు. పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది.

ఆ మొగ్గ ఇప్పటికే తయారై ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఒక తులిప్ దుంపను నిలువునా కోసి చూడండి: ఉల్లిపాయలోలాగా తెల్లని పొరలు, వాటి నడుమ రానున్న వసంతంలో విచ్చుకోవలసిన చిన్నారి పువ్వు కనిపిస్తాయి. అయితే సుమారు 12 నుంచి 16 వారాల చలి తగిలితే తప్ప దాని కాడ సరిగ్గా సాగదు. శరదృతువులో నాటడానికి అసలు కారణం ఇదే.

బంకమట్టిలో నీరు నిలిస్తే దుంపలు కుళ్లిపోతాయి కనుక, నా అభిప్రాయంలో మీరు అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టవలసింది ఇక్కడే. ఒక్కొక్క దుంపకు ఒక్కొక్క గుంత తీసే బదులు మడి మొత్తాన్ని అడుగు లోతున తవ్వి, బాగా మాగిన కంపోస్టు కలిపి, నేల మట్టం కంటే కొంచెం ఎత్తుగా చేయండి. దుంప ఎత్తుకు మూడింతల లోతు అన్నది నమ్మదగిన కొలత. తులిప్‌కు 6 నుంచి 8 అంగుళాలు, డాఫోడిల్‌కు 6, క్రోకస్‌కు 3 లేదా 4 అంగుళాలు సరిపోతాయి. మొన పైకి ఉండాలి. ఏది పైభాగమో తేలకపోతే పక్కకు పడుకోబెట్టినా మొలక తన దారి తాను వెతుక్కుంటుంది. నాటిన వెంటనే ఒకసారి బాగా నీరు పెట్టండి.

జింకలు, ఉడుతలు డాఫోడిల్ జోలికి సాధారణంగా రావు, ఎందుకంటే అందులో లైకోరిన్ అనే విషపదార్థం ఉంది. తులిప్, క్రోకస్ మాత్రం వాటికి ఇష్టమైన ఆహారం. మట్టి కప్పాక కోళ్ల దడికి వాడే ఇనుప జాలీని పైన పరిచి అంచులు పాతిపెట్టండి, రాలిన పొట్టును అక్కడ వదలకండి. జింకల బెడద తీవ్రంగా ఉంటే డాఫోడిల్‌నే ఎక్కువగా నాటమని నా సలహా. ఒక్క హెచ్చరిక: ఈ దుంపలు చూడటానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి కాబట్టి వంట సరుకుల మధ్య ఉంచవద్దు.

ప్రశ్న: ధన్యవాదాలండి. పూలు రాలిపోయాక ఆకులు కోసేయాలా?

సమాధానం: వాడిన పూల తలలను మాత్రమే తుంచండి. ఆకులు పసుపుపచ్చగా మారేదాకా, అంటే ఇంచుమించు ఆరు వారాలు, అలాగే వదలండి. మరుసటి ఏటి పువ్వుకు కావలసిన ఆహారాన్ని దుంపకు అందించేది అవే. ఇంత చేసినా తులిప్‌లు ఏటికేడు తగ్గుతాయి. వాటిలో డార్విన్ హైబ్రిడ్ రకాలు కొంత మెరుగు. డాఫోడిల్ మాత్రం ఏళ్ల తరబడి పిలకలు వేస్తూ గుంపుగా పెరుగుతుంది.

ప్రశ్న (మరొకరి నుంచి): నేను హైదరాబాదులో ఉంటాను. ఇక్కడ కూడా ఇవి పూస్తాయా?

సమాధానం: శ్రీనగర్‌లో తులిప్ తోట ఉన్నది అక్కడి చలి వల్లనేనండి. హైదరాబాదు నేలలో ఆ చలి దొరకదు. ముందుగా శీతలీకరించిన దుంపలు కొంటే కుండీలో ఒక్కసారి పూయవచ్చు, అంతే. దానికి బదులు అక్టోబరు, నవంబరు నెలల్లో గ్లాడియోలస్ దుంపలు నాటండి. దండల్లో వాడే లిల్లీ, తొలకరికి విచ్చుకునే వాన లిల్లీ కూడా మన నేలకు చక్కగా సరిపోతాయి.