ఇంక్‌జెట్‌తో ముద్రించిన ఆర్గానిక్ సౌర ఘటాలలో పొర సమంగా రావడం లేదు

ప్రశ్న:
ఐటీఓ (కరెంటు ప్రసరించే పారదర్శక పూత) ఉన్న గాజుపై పెడాట్ పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్ పొర వేసి, దాని మీద కాంతిని పీల్చుకునే పాలిమర్ పీ3హెచ్‌టీ, ఎలక్ట్రాన్లను అందుకునే పీసీబీఎం మిశ్రమాన్ని 10 పికోలీటర్ల బిందువులు వదిలే కార్ట్రిడ్జ్‌తో ముద్రిస్తున్నాను. ద్రావణి ఆర్థో డైక్లోరోబెంజీన్ ఒక్కటే. ఘనపదార్థం పరిమాణంలో 1 శాతం, బిందువుల మధ్య దూరం 20 మైక్రాన్లు, పలక వేడి 50 డిగ్రీలు. ఆరాక నడిమి భాగం వెలవెలబోయి, అంచు వెంట ముదురు ఎరుపు గట్టు కడుతోంది; అడ్డంగా చారలు కూడా పడుతున్నాయి. ఇదే సిరాతో స్పిన్ కోటింగ్ (పలకను వేగంగా తిప్పి పొర పరచడం) చేస్తే ఏ లోపమూ కనబడడం లేదు. తప్పు సిరాదా, ముద్రణదా?

జవాబు 1:
గట్టుకు కారణం కాఫీ మరక ఏర్పడే తీరే. అంచు కదలకుండా అతుక్కుపోయి అక్కడ ద్రావణి త్వరగా ఆవిరవుతుంది కనుక, ఆ లోటు తీర్చడానికి లోపలి ద్రవం పాలిమర్‌ను మోసుకుంటూ అంచుకు పారుతుంది. స్పిన్ కోటింగ్‌లో పొర క్షణాల్లో పలచబడుతుంది కాబట్టి ఆ వ్యవధే ఉండదు. 2007లో కొనార్కా సంస్థ పరిశోధకులు ఈ మిశ్రమానికే ఆర్థో డైక్లోరోబెంజీన్, మెసిటిలీన్‌లను 68:32 పాళ్లలో వాడారు. 180 డిగ్రీల దగ్గర మరిగే మొదటిది నాజిల్ ఎండిపోకుండా కాపాడుతుంది. 165 దగ్గర మరిగే మెసిటిలీన్‌కు తలతన్యత తక్కువ కనుక సిరా బాగా పరుచుకుంటుంది, త్వరగా ఆరుతుంది కూడా.

జవాబు 2:
సిరా మార్చే ముందు లెక్క చూసుకోండి. 10 పికోలీటర్లంటే 10,000 ఘన మైక్రాన్లు. 20 మైక్రాన్ల దూరంలో తడి పొర 25 మైక్రాన్ల మందం, ఆరితే 250 నానోమీటర్లు. దూరం 30 చేస్తే తడి మందం 11 మైక్రాన్లకు, ఆరిన మందం సుమారు 110 నానోమీటర్లకు దిగుతుంది. అంత తక్కువ ద్రవం అంచుకు పారేలోపే ఆరిపోతుంది. అయితే పలకపై ఒక్కో చుక్క 30 మైక్రాన్ల కంటే వెడల్పుగా పరుచుకుంటోందో లేదో ముందు సూక్ష్మదర్శినిలో చూడాలి, లేకపోతే సందులు మిగులుతాయి. చారల సంగతి వేరు. పలక వేడిగా ఉంటే ముద్రణ తల మళ్లీ వచ్చేసరికి ముందటి పట్టీ ఎండిపోయి, రెండూ కలిసే చోట గట్టు లేస్తుంది. చల్లని పలకపై మొత్తం ముద్రించి, ఆపై ఆరబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
దూరం 30కి, వేడి 30 డిగ్రీలకు మార్చాను. చారలు పోయాయి, అంచు గట్టు మాత్రం సన్నగా మిగిలింది. మెసిటిలీన్ ఇంకా తెప్పించుకోవాలి.

జవాబు 2:
అది వచ్చేలోగా ముద్రించే చతురస్రాన్ని ఎలక్ట్రోడ్ కంటే ప్రతి వైపూ ఒక మిల్లీమీటరు పెద్దదిగా గీయండి. గట్టు ఎలక్ట్రోడ్‌కు వెలుపల పడుతుంది. కరెంటు కొలిచేటప్పుడు ఎలక్ట్రోడ్ మేరకే కాంతి పడేలా మాస్క్ పెట్టడం మరువకండి.