నిమ్మ ఉప్పు తీయడానికి ట్రేలా, ట్యాంకా?

చోడవరం చెరకు: అనకాపల్లి బెల్లం, గానుగ దగ్గర మిగిలే పిప్పి రెండూ మాకు చేతికందే దూరంలో ఉన్నాయి. తడిపిన పిప్పి మీద నల్లబూజు (ఆస్పర్జిల్లస్ నైగర్) పెంచి నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, తీసే చిన్న యూనిట్ విశాఖలో పెట్టాలనుంది. చక్కెర ద్రావణంలో బూజు పెంచే ట్యాంకు ఖర్చు లేకుండా ట్రేలతో గిట్టుబాటవుతుందా?

గాజువాక: వద్దండి. ఈ బూజు చక్కెర నుంచి నిమ్మ ఉప్పు బాగా చేస్తుందని జేమ్స్ కరీ 1917లో చూపించాడు. రెండేళ్లకే ఫైజర్ కంపెనీ లోతు తక్కువ పళ్లేలలో చక్కెర ద్రావణం పోసి మొదలుపెట్టింది. ఇవాళ ఎక్కువ సరుకు ట్యాంకుల నుంచే వస్తోంది. పళ్లేలు ఊరికే వదిలేయలేదు కదా.

సీతమ్మధార: ఆ పోలిక కుదరదండి. ఆ పళ్లేలలో ఉన్నది ద్రవం, ఈయన అడిగేది తడి పిప్పి గురించి. ట్యాంకులో మాంగనీసు లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు మించితే చాలు, ఆమ్లం పడిపోతుంది. పిప్పి మీద లోహాల బెడద అంత ఉండదు. బెల్లం వాడేవాళ్లకు అది పెద్ద వెసులుబాటు.

కానీ వేడితో జాగ్రత్త. ఎమ్మెస్సీలో మూడంగుళాల మందంగా పరిచాను. రెండో రోజు అంచున 31 డిగ్రీలు, మధ్యలో థర్మామీటరు గుచ్చితే 43. అంచున తెల్లటి దారాలు చక్కగా అల్లుకున్నాయి, మధ్యలో బూజే లేదు. అంగుళానికి తగ్గించి తడిగాలి ఆడించాకే కుదిరింది. మే నెలలో గదిని 30 దగ్గర నిలపడానికి కరెంటు బిల్లు లెక్కేసుకోండి.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. పిప్పి కడిగిన నీళ్లలో సున్నం వేసి కాల్షియం సిట్రేట్‌గా దింపాలి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో విడదీయాలి. కిలో నిమ్మ ఉప్పుకు సుమారు 1.3 కిలోల జిప్సం మిగులుతుంది. దాన్ని గెడ్డలో వదిలే పని మాత్రం చేయకండి.

చోడవరం చెరకు: అయితే ఈ ఆలోచన మానుకోమంటారా మేడమ్?

సీతమ్మధార: మానుకోవద్దు తమ్ముడూ. అదే బూజు గోధుమ తవుడు, నిమ్మతొక్కల మీద పెక్టినేజ్ ఇస్తుంది, పండ్లరసం తేటపరిచే ఎంజైమ్ అది. సున్నం, యాసిడ్ గొడవ ఉండదు. ట్రేలకు తగిన సరుకు అదే.

గాజువాక: దీనికి నేనూ ఒప్పుకుంటాను. అయితే దారిన దొరికిన బూజు వాడొద్దు, కొన్ని రకాలు ఆక్రాటాక్సిన్ అనే విషం చేస్తాయి. సూక్ష్మజీవుల రకాలను భద్రపరిచి ఇచ్చే చండీగఢ్ ఎంటీసీసీ నుంచి కల్చర్ తెప్పించుకోండి. ట్రేలు దులిపేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ నల్లపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.