మెట్రో పక్కన సెల్లార్లు తవ్వితే బోర్లు ఎండుతున్నాయా? మీ అనుభవాలు చెప్పండి

మియాపూర్_వాసి:
2017 నవంబర్‌లో మన హైదరాబాద్‌లో నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో మొదలైంది. అప్పటి నుంచి మా వైపు ఖాళీ జాగా కనిపిస్తే టవర్ లేస్తోంది. దాన్ని తప్పు పట్టను, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఎక్కువ మంది ఉండటం మంచిదే. నా బాధంతా కార్ల పార్కింగ్‌కని భూమి లోపల కట్టే సెల్లార్ల గురించి. పక్క సైటులో నాలుగు సెల్లార్లకు తవ్వి, ఊట నీళ్లు రాత్రీపగలూ మోటార్లతో వరద కాలువలోకి తోడేశారు. మే నెలలో రోడ్డు వెంట తేట నీళ్లు పారుతున్నాయి, మా గేటు ముందేమో ట్యాంకర్. మీ దగ్గరా ఇంతేనా?

రాతినేల:
ఇంతే అన్నా. మనది గ్రానైటు నేల, నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ. సెల్లార్ సరిగ్గా ఆ పొరనే కోసేస్తుంది, ఇక చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ గుంతలోకే దిగుతాయి. బోరు ఇంకా లోతుకి వేయిద్దామని మీవాళ్లు అంటే తొందరపడకండి, పగులు తగలకపోతే డబ్బులు దండగ.

నాగోలు_రమ:
నీళ్లతో పాటు ఎండ కూడా చూడండి. స్టేషన్ చుట్టూ చెట్లు పోయాయి, అద్దాల బిల్డింగులు వచ్చాయి, సాయంత్రం ఏడైనా ఫుట్‌పాత్ సెగలు కక్కుతోంది.

రాయదుర్గం_ఉద్యోగి:
అయినా ఊరవతల విల్లాల కంటే మెట్రో పక్కన టవర్లే నయం అండి. అక్కడ కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేం, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూములూ మిగలట్లేదు.

మియాపూర్_వాసి:
ఒప్పుకుంటా సార్. మరి మెట్రో పక్కన అన్ని కార్లకు చోటెందుకు? 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం కట్టే విస్తీర్ణాన్ని బట్టి పార్కింగ్ చూపించాలి. ఏళ్ల తరబడి మన దగ్గర ఎఫ్ఎస్ఐ (జాగా సైజును బట్టి ఎంత విస్తీర్ణం కట్టొచ్చనే లెక్క) పరిమితి లేదు, కాబట్టి పైకి ఎంత లేస్తే కిందికి అంత తవ్వుతారు. స్టేషన్‌కి 500–800 మీటర్ల లోపల పార్కింగ్ తగ్గించమని 2017 జాతీయ టీఓడీ (స్టేషన్ల చుట్టూ ఎక్కువ మంది ఉండేలా కట్టే పద్ధతి) పాలసీ చెప్తోంది, అది ఇక్కడ గట్టిగా అమలు చేయాలి.

ఎల్బీనగర్_కాలనీ:
మా కాలనీవాళ్లం వెళ్లి అడిగితే బిల్డర్ సెల్లార్ ఊట నీళ్లకు పైపు వేయించి, పార్కులో ఎండిపోయిన బావిలోకి మళ్లించాడు. పక్క వీధి బోర్లు కొంచెం తేరుకున్నాయి. బురద నీళ్లు నేరుగా వదలకండి, ముందు తొట్టిలో మట్టి దిగనివ్వాలి. తవ్వకం మొదలయ్యే ముందే అడగండి, స్లాబు పడ్డాక ఎవరూ పలకరు.