కుళాయి ఛార్జీ పెంపు, కొత్తగా డ్రైనేజీ యూజర్ ఛార్జీ: కౌన్సిల్‌లో ఏం అడగాలి?

కుళాయి_వీధి:

నమస్కారమండి. కోనసీమలో ఒక మున్సిపాలిటీ సంగతి ఇది. ఈ నెలాఖరు కౌన్సిల్ సమావేశానికి రెండు అంశాలు వస్తున్నాయి. ఒకటి, ఇంటి కుళాయి ఛార్జీ నెలకు 100 రూపాయల నుంచి 160కి పెంచడం. రెండోది, డ్రైనేజీ యూజర్ ఛార్జీ పేరుతో ఇంటికి నెలకు 40 రూపాయలు కొత్తగా వేయడం. ఊళ్లో భూగర్భ డ్రైనేజీ లేదు. ఉన్నవన్నీ రోడ్డు పక్క సిమెంటు కాలవలే, అవి వెళ్లి మురుగు కోడులో (పెద్ద మురుగు కాలవలో) కలుస్తాయి.

ఇవి కాక ఇంకో మాట నడుస్తోంది. కాలిఫోర్నియా నగరాల్లో కరెంటు, గ్యాస్, ఫోన్ బిల్లుల మీదే మున్సిపాలిటీ పన్ను వేసి ఆ బిల్లుతోనే వసూలు చేస్తారని, మనమూ కరెంటు బిల్లులో కలిపేస్తే బకాయిలు ఉండవని ఒక సభ్యుడు అంటున్నారు.

అడిగేవి మూడు. కరెంటు బిల్లులో కలపడం ఇక్కడ కుదురుతుందా? ఇంటి పన్నులో ఇప్పటికే నీటికి, డ్రైనేజీకి వాటా ఉండగా మళ్లీ ఛార్జీ ఏమిటి? 160 న్యాయమో కాదో ఏ లెక్కతో తేల్చాలి? వార్డు కౌన్సిలర్ గారు వ్యతిరేకించడానికి సిద్ధంగానే ఉన్నారు. కానీ "పేదల మీద భారం" అని ఒక్క మాట అనేసి కూర్చుంటే మినిట్స్‌లో ఏమీ మిగలదు. కాగితం మీద పెట్టగలిగే ప్రశ్నలు కావాలి.

గౌతమి_గట్టు:

కరెంటు బిల్లు సంగతి ముందు తేల్చేద్దాం. కుదరదండి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ. మున్సిపాలిటీలకు ఏ పన్నులు వేసే అధికారం ఉండాలో రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇస్తుందని 243ఎక్స్. కరెంటు వాడకం మీద పన్ను రాష్ట్ర జాబితాలో 53వ అంశం. దాన్ని రాష్ట్ర ప్రభుత్వమే విద్యుత్ సుంకంగా వేస్తోంది, మన జిల్లాల్లో కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో ఆ వరుస విడిగా కనిపిస్తుంది. టెలిఫోన్లు కేంద్ర జాబితాలోవి, వాటి మీద ఇప్పటికే 18 శాతం జీఎస్టీ ఉంది. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం ఈ రెండింటి దరిదాపులకు కూడా వెళ్లలేదు.

కాలిఫోర్నియా ఉదాహరణ తెస్తే దాన్ని పూర్తిగా తేవాలి. అక్కడ యుటిలిటీ యూజర్స్ ట్యాక్స్ నిజంగానే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఇంటి కరెంటు మీద 10 శాతం, వ్యాపార కరెంటు మీద 12.5, ఫోన్ల మీద 9 శాతం. కంపెనీ వసూలు చేసి నగరానికి కడుతుంది, ఆ డబ్బు సాధారణ నిధిలోకి పోతుంది. అయితే 1996లో ప్రపోజిషన్ 218 (ఆ రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన సవరణ) వచ్చినప్పటి నుంచి అలాంటి పన్ను కొత్తగా వేయాలన్నా పెంచాలన్నా నగర ఓటర్లు ఓటేసి ఒప్పుకోవాలి. సాధారణ నిధికైతే సగానికి మించి, ఒక ప్రత్యేక పనికైతే మూడింట రెండు వంతులు. అక్కడ కౌన్సిల్ చర్చంతా బ్యాలెట్ మీద ఏ ప్రశ్న పెట్టాలన్న దాని గురించే. ఆ భాగం వదిలేసి వసూలు పద్ధతి ఒక్కటే తెచ్చుకుంటామంటే ఎలా?

ఇక అసలు సంగతి. మీ రెండు ఛార్జీలూ పన్నులు కావు, రుసుములు. ఈ తేడా పట్టుకుంటే సగం వాదన దొరికినట్టే. పన్నుకు ప్రతిఫలం చూపక్కర్లేదు. రుసుముకు చూపాలి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. తర్వాత 1983లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో (మార్కెట్ ఫీజు గొడవ అది) పైసాకు పైసా లెక్క అక్కర్లేదు, వసూలుకీ సేవకీ సహేతుకమైన సంబంధం ఉంటే చాలంది. కాబట్టి "ఖర్చు కంటే రూపాయి ఎక్కువ తీసుకుంటున్నారు" అనే వాదన నిలవదు. "ఈ 40 రూపాయలకు ఇచ్చే సేవ ఏది" అనే ప్రశ్న నిలుస్తుంది.

మీ ఊళ్లో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. ఇంటి పన్ను డిమాండ్ కాగితం తీసి చూడండి: సాధారణ పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, లైటింగ్ పన్ను, పారిశుద్ధ్య పన్ను, ఆపైన రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు. పక్క కాలవల పూడిక తీయడం ఆ డ్రైనేజీ వాటాతో చేయాల్సిన పని. దానికే మళ్లీ యూజర్ ఛార్జీ అంటే అదనంగా ఏదో రావాలి. ఇంటి మురుగును పైపుతో తీసుకుపోవడమో, సెప్టిక్ ట్యాంకు మూడేళ్లకోసారి ట్యాంకర్‌తో తోడి శుద్ధి కేంద్రానికి పంపడమో. రెండోది డెల్టాలో నిజంగా అవసరం. వర్షాకాలంలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, ఇంకుడు గుంత ఇంకదు, సెప్టిక్ ట్యాంకు పొంగు నేరుగా వీధి కాలవలోకే వస్తుంది. అజెండా నోట్‌లో ఆ ట్యాంకర్ సేవ రాసి ఉంటే 40 రూపాయల మీద చర్చ మొదలుపెట్టవచ్చు. లేకపోతే పేరు మార్చిన పన్నే.

చెత్త ఛార్జీకి ఏమైందో అందరం చూశాం. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టి ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా వేశారు. 2016 ఘన వ్యర్థాల నియమాలు యూజర్ ఫీజుకు వీలు కల్పించాయి, అంటే చట్టపరంగా ఆధారం ఉంది. అయినా ఇంటి పన్నులో పారిశుద్ధ్య వాటా కడుతూ మళ్లీ ఇదేమిటన్న ప్రశ్నకు గుమ్మం దగ్గర నిలబడ్డ వార్డు సచివాలయ సిబ్బంది దగ్గర జవాబు లేదు. 2024 డిసెంబరు 31తో ఎత్తేశారు.

ఫిల్టర్_బెడ్:

నీటి లెక్క చెబుతాను. మీ జనాభా తెలియదు కాబట్టి 50 వేలు, 10 వేల కనెక్షన్లు అనుకుంటున్నాను. మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణానికి ప్రమాణం. లేని చోట 70 లీటర్లే. ఈ ముక్క అజెండాలో ఎవరూ రాయరు. పెద్ద అంకెతోనే వేద్దాం: రోజుకు 67.5 లక్షల లీటర్లు, అంటే 6,750 కిలోలీటర్లు. కాలవలో నీళ్లు ఉన్నన్నాళ్లూ సమస్య లేదు. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) అయ్యాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేస్తారు. 60 రోజులకు నిల్వ కావాలంటే నాలుగు మీటర్ల వాడుక లోతున్న సమ్మర్ స్టోరేజీ ట్యాంకు 25 ఎకరాలు ఉండాలి. ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా రెండు నెలల్లో 36 సెంటీమీటర్లు, నిల్వలో 9 శాతం పోయినట్టే. అడుగున పూడిక మీటరు పేరుకుంటే నాలుగో వంతు నిల్వ పోతుంది. అప్పుడు మే నెలంతా ట్యాంకర్లు తిప్పాలి, ఆ బిల్లులన్నీ నీటి సరఫరా ఖర్చులోకి ఎక్కుతాయి. పూడిక ఎప్పుడు తీశారో అడగండి. సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు, ఇంకో దారి లేదు.

మందుల ఖర్చు మామూలుగా చిన్నదే. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో లీటరుకు 40 మిల్లీగ్రాముల పటిక వేస్తే రోజుకు 270 కిలోలు. క్లోరిన్ లీటరుకు 2 మిల్లీగ్రాములైతే 13.5 కిలోలు. ఎర్రనీరు పోయాక కూడా పటిక కొనుగోలు అదే స్థాయిలో కనిపిస్తే కారణం అడగాలి.

పెద్ద ఖర్చు కరెంటు. ఒక కిలోలీటరు నీటిని 40 మీటర్ల హెడ్‌కు (ఎత్తుకు) ఎత్తడానికి 0.11 యూనిట్ చాలు, పంపూ మోటారూ ఏమీ మింగకపోతే. రెండూ కలిపి 60 శాతం సామర్థ్యం ఉంటే 0.18 అవుతుంది. పంపు లోపలి చక్రం (ఇంపెల్లర్) అరిగి, నీళ్లు లాగే పైపు అడుగున ఫుట్‌వాల్వులో చెత్త పట్టి 45 శాతానికి పడిపోతే 0.24. చిన్న తేడాలా కనిపిస్తుంది. 6,750తో గుణిస్తే రోజుకు 400 యూనిట్లు వృథా, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే నెలకు 84 వేలు. ప్రతి కనెక్షన్ మీద 8 రూపాయలు పైనే. పెంచుతామంటున్న 60లో ఇది పంపు రిపేరుతో తగ్గే భాగం.

లీకులు ఇంకా పెద్దవి. శుద్ధి చేసిన 100 లీటర్లలో 35 దారిలో పోతే, కిలోలీటరుకు 10 రూపాయలు అయ్యే ఖర్చు ఇంటి దగ్గరికి వచ్చేసరికి 15.40 అవుతుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008 ప్రమాణాల్లో ఇలా లెక్కలోకి రాని నీరు 20 శాతం దాటకూడదు. డెల్టాలో లీకు ఎక్కువగా మెయిన్ పైపు మీద ఫెర్రూల్ (ఇంటి కనెక్షన్ తీసే బిరడా) దగ్గర, తర్వాత ఇంటి పైపు వీధి కాలవను దాటే చోట. ఆ జీఐ (జింకు పూత ఇనుప) పైపు మురుగులో నానుతూ ఉంటుంది, ఉప్పు నేలలో బయటి నుంచే తినేస్తుంది. నీళ్లు వదిలినప్పుడు బయటికి కారుతుంది. ఆపినప్పుడు, ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగినప్పుడు, అదే కన్నంలోంచి మురుగు లోపలికి వస్తుంది. క్లోరోస్కోపులో (నీటిలో మిగిలిన క్లోరిన్ చూసే చిన్న పరికరంలో) చివరి కుళాయి నీళ్లు పట్టి, దాంతో వచ్చే ఓటీ ద్రావణం చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల గుర్తుకైనా. ఏ రంగూ రాకపోతే ఆ వీధిలో దాటుడు పైపులు చూడాల్సిందే. వాటిని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుకి మార్చి కాలవ మట్టానికి పైగా తేవాలి.

చివరిగా బకెట్ పరీక్ష. ట్యాంకు దగ్గరి వీధిలో ఒక కుళాయి, లైను చివర ఒక కుళాయి, రెండూ ఒకే పూట. 15 లీటర్ల బకెట్ మొదటి దగ్గర 90 సెకన్లలో నిండితే గంటకు 600 లీటర్లు. చివర 4 నిమిషాలు పడితే 225. రోజుకు గంటే నీళ్లు వదిలితే, నలుగురున్న ఇంటికి 135 చొప్పున రోజుకు 540 కావాలి. ఇద్దరికీ 160 రూపాయలే. పెంపుకు అడ్డం చెప్పడానికి దీనికన్నా గట్టి కాగితం ఉండదు. వార్డుకు మూడు చోట్ల కొలిచి, తేదీ, టైము, ఇంటి నంబరు రాసుకోండి.

కుళాయి_వీధి:

చాలా థాంక్సండి. ఒక సభ్యుడు "అయితే ప్రతి ఇంటికీ మీటరు పెట్టేద్దాం, వాడినంత కడతారు" అంటున్నారు. అది మంచిదేనా?

ఫిల్టర్_బెడ్:

రోజుకు గంట నీళ్లు ఇచ్చే ఊళ్లో ఇంటి మీటరు తొందరపాటే. నీళ్లు వదలగానే పైపులో ఉన్న గాలి ముందు తోసుకొస్తుంది. డయల్ మీద ఎర్ర ముల్లు గిర్రున తిరుగుతూ ఉంటుంది, కుళాయి కింద బిందెలో చుక్క ఉండదు. ఆ గాలికీ బిల్లే. ఎర్రనీటి రోజుల్లో ఒండ్రు జాలీలో చేరి ముల్లు ఆగిపోతుంది, అప్పుడు సగటు బిల్లు వేస్తారు, గొడవ మొదలు. ముందు ఓవర్‌హెడ్ ట్యాంకుల అవుట్‌లెట్లకు పెద్ద మీటర్లు పెట్టాలి. ఏ ట్యాంకు కింద ఎంత పోతోందో అవి లేకుండా తెలియదు. తర్వాత హోటళ్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు. బిగించేటప్పుడు మీటరు అడ్డంగా, డయల్ పైకి, ముందు జాలీ, దానికీ మీటరుకీ మధ్య పైపు వ్యాసానికి పది రెట్లు వంపులేని పైపు.

వశిష్ఠ_తీరం:

మీటర్ల విషయంలో పై మాటతో కొంచెం తేడా ఉందండి. ఇంటి మీటర్లు ఇప్పుడు వద్దు అనడం సరే, "ఎప్పటికీ ఫ్లాట్ రేటే" అని తీర్మానంలోకి రానివ్వకండి. పొలాల్లో చూస్తున్నాంగా: ఎకరా సార్వాకు (తొలి పంటకు) 200, దాళ్వాకు 150, చేపల చెరువుకు 500 నీటి తీరువా. ఎవరెంత పెట్టుకున్నా అంతే. శివారు రైతుకు నీళ్లు అందకపోయినా ఎకరా లెక్కే. ఊళ్లో కుళాయిలకూ అదే జరుగుతుంది.

సమావేశం సంగతి చెబుతాను. అంశం టేబుల్ అజెండాగా (ముందు నోటీసు లేకుండా అప్పటికప్పుడు) వస్తే వాయిదా అడగండి, సభ్యులకు నోట్ చదివే వ్యవధి లేదని. ముందే వస్తే సమావేశానికి ముందు కమిషనర్ గారికి రాతపూర్వకంగా ఇవి అడగాలి: నీటి విభాగం మూడేళ్ల డీసీబీ (డిమాండ్, వసూలు, బకాయిల పట్టిక), వాటర్ వర్క్స్ కరెంటు బిల్లులు, ట్యాంకర్ల ఖర్చు, కనెక్షన్ల సంఖ్య విభాగాల వారీగా. కౌన్సిలర్ గారికి ఇవ్వకపోతే మీరు సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టవచ్చు, కానీ 30 రోజులు పడుతుంది. అందుకే ఇవాళే పెట్టండి.

డీసీబీ ఎందుకంటే, 10 వేల కనెక్షన్లకు నెలకు 100 చొప్పున ఏడాది డిమాండ్ 1.20 కోట్లు. 55 శాతమే వసూలైతే వచ్చేది 66 లక్షలు. రేటు 160 చేసి అదే 55 శాతం వసూలైతే 1.056 కోట్లు. రేటు కదపకుండా వసూలు 90 శాతానికి తెస్తే 1.08 కోట్లు. పెంచితే కట్టేవాళ్ల మీదే పడుతుంది, కట్టనివాళ్ల బకాయి కాగితం మీద పెరుగుతుంది. బకాయిల్లో మొదటి ఇరవై పేర్లు, వాటిలో ప్రభుత్వ కార్యాలయాలు ఎన్ని ఉన్నాయో కూడా అడగండి.

ఓటింగ్‌కు పెడితే వ్యతిరేకంగా చేయెత్తి ఊరుకోవద్దు. అసమ్మతి పత్రం రాసి ఇచ్చి మినిట్స్‌లో జతచేయమని పట్టుబట్టాలి. దాంట్లో నాలుగే మాటలు: డ్రైనేజీ ఛార్జీకి అదనపు సేవ చూపలేదు, చివరి వీధుల్లో కొలిచిన నీళ్లు ఇంత, వసూలు శాతం ఇంత, లీకుల కొలత లేదు. బకెట్ పట్టిక వెనకాల పెట్టండి. తీర్మానం నెగ్గినా, రద్దు కోరుతూ ప్రభుత్వానికి రాసేటప్పుడు చేతిలో ఉండే కాగితం అదే.

ప్రజల నుంచి అభ్యంతరాలు పిలిస్తే నోటీసులో గడువు చూసుకోండి. వంద సంతకాలతో ఒక్క అర్జీ పెట్టినా ఒక్క అభ్యంతరం కిందే రాసే అవకాశం ఉంది. ఇంటికొకటి విడివిడిగా పెట్టించి, ప్రతిదానికీ రసీదు నంబరు తీసుకోండి.

కుళాయి_వీధి:

రేపు పొద్దున్న నీళ్లు వదిలే టైముకి రెండు వీధుల్లో బకెట్లు పెడుతున్నామండి. అంకెలు రాగానే ఇక్కడ పెడతాను, లెక్క ఒకసారి సరిచూడండి.