‘అత్యధికంగా అమ్ముడైన గాయకుడు’ అనవచ్చా?

ప్రశ్న: బ్రిటిష్ సంగీతకారుల్లో ఎవరి రికార్డులు ఎక్కువ అమ్ముడయ్యాయో వరసగా చెప్పే వ్యాసం ఒకటి తెలుగులో రాస్తున్నాను. బీటిల్స్, ఎల్టన్ జాన్, క్వీన్, లెడ్ జెప్పెలిన్, పింక్ ఫ్లాయిడ్ వగైరా. ‘బెస్ట్ సెల్లింగ్ ఆర్టిస్ట్’ని ‘అత్యధికంగా అమ్ముడైన కళాకారుడు’ అంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. ఇంకో మాట ఉందా?

వ్యాఖ్య: నవ్వరా మరి! మన దగ్గర ఫలానా ఆయన అమ్ముడుపోయాడంటే పార్టీ మారాడని అర్థం. సరస్వతిని అమ్మనంటూ పోతన పేరున ఒక చాటువు ఉంది. మీరు ఏకంగా గాయకుణ్ణే అమ్మేశారు :)

జవాబు: పుస్తకం అమ్ముడవుతుంది, మనిషి అమ్ముడైతే తిట్టవుతుంది. అందుకని ‘ఎక్కువ రికార్డులు అమ్ముడైన గాయకుడు’ అనండి, పేచీ ఉండదు. కానీ అలా రాయగానే ఏవి అమ్ముడయ్యాయి, ఎక్కడ, లెక్కపెట్టింది ఎవరు అన్నవి వరసగా వచ్చిపడతాయి. ఇంగ్లీషు మాటలో ఇవన్నీ దాక్కున్నాయి.

అమెరికాలో అమ్మకాలకు గుర్తింపుగా గోల్డ్, ప్లాటినం అవార్డులు ఇచ్చేది రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ. గోల్డ్ 1958 నుంచి ఉంది, ప్లాటినం 1976లో వచ్చింది. కంపెనీ దరఖాస్తు పెట్టి, రుసుము కడితేనే లెక్క చూస్తారు. అడగకపోతే ఎన్ని అమ్మినా ప్లాటినం లేనట్టే. పైగా చాలాకాలం లెక్కలోకి వచ్చింది షాపులకు పంపిన సరుకు, జనం కొన్నది కాదు. మన సినిమా పోస్టర్ మీది గ్రాస్‌కీ, బయ్యర్ చేతికొచ్చే షేర్‌కీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. బ్రిటన్‌లో అక్కడి రికార్డు కంపెనీల సంఘం బీపీఐ 2013 నుంచి అమ్మకాల లెక్కను బట్టి తనంతట తనే అవార్డులిస్తోంది. అక్కడ ఆల్బమ్ ప్లాటినం అంటే 3 లక్షలు, అమెరికాలో 10 లక్షలు. కాబట్టి ‘ఇన్ని ప్లాటినమ్‌లు’ అని రెండు దేశాలవీ కలిపి రాయకండి.

ఇంకో తమాషా. పింక్ ఫ్లాయిడ్ ‘ది వాల్’కి అమెరికాలో 23 ప్లాటినమ్‌లు. అది రెండు డిస్కుల ఆల్బమ్, డిస్కు డిస్కుకీ లెక్క కట్టారు. జనం ఇంటికి తీసుకెళ్లిన సెట్లు అందులో సగమే.

వ్యాఖ్య: ఇప్పుడు డిస్కులు ఎవరు కొంటున్నారండీ? అంతా స్ట్రీమింగే కదా.

జవాబు: దానికీ మారకం రేటు పెట్టారు. 2016 నుంచి ఆర్‌ఐఏఏ లెక్కలో 1,500 స్ట్రీములు ఒక ఆల్బమ్‌తో సమానం. ఎడ్ షీరన్ పాటను ఒకరే వందసార్లు విన్నా లెక్కలోకొస్తుంది. 1960ల్లో బీటిల్స్ ఎల్పీ కొని అరిగేదాకా విన్నవాళ్లది మాత్రం ఒక్క కాపీయే. ఇది అన్యాయమే అంటాను, కానీ సరిచేసే దారి నాకైతే కనబడట్లేదు. అసలు 1952లో బ్రిటన్‌లో మొదటి సింగిల్స్ (ఒకటి రెండు పాటల రికార్డులు) చార్టు తయారైందే ఒక పత్రికవాళ్లు సుమారు 20 షాపులకు ఫోన్ చేసి కనుక్కుంటే. అప్పటి అమ్మకాలకు ఇప్పుడు చెబుతున్న అంకెల్లో ఎంత గట్టిదనం ఉంటుందో ఊహించుకోండి.

గాయకుడు క్లిఫ్ రిచర్డ్ సంగతీ చూడండి (పుట్టింది లక్నోలో, 1940లో). బ్రిటన్‌లో ఆయన సింగిల్స్ 2 కోట్లు దాటాయి. అక్కడ ఆయనకంటే ముందున్నది బీటిల్స్, ఎల్విస్ మాత్రమే. అమెరికాలో ఆయనకు అంత ఊపు లేదు. అమెరికా లెక్కనే కొలబద్ద చేసుకుంటే ఈయన అట్టడుగుకు పోతాడు. మన దేశంలో వీధివీధినా అమ్మిన పైరసీ క్యాసెట్లయితే ఎవరి ఖాతాలోకీ రాలేదు.

ప్రశ్న: మరి బీటిల్స్‌కి 60 కోట్లు అనీ, 100 కోట్లు అనీ ఉంది. ఏది రాయను?

జవాబు: అమెరికాలో ధ్రువీకరించినవి 18.3 కోట్ల ఆల్బమ్ యూనిట్లు. దానికి ‘ధ్రువీకరించారు’ అని రాయండి. మిగతా పెద్ద అంకెలకు మన తెలుగులో చక్కటి ‘ట’ ఉంది కదా, ‘అమ్ముడయ్యాయట’. ఆ ఒక్క అక్షరంతో బాధ్యత చెప్పినవాళ్ల మీద పడుతుంది. ఇంకొకటి, సింగిల్‌నూ ఆల్బమ్‌నూ ఒకే గాటన కట్టకండి. డయానా చనిపోయినప్పుడు ఎల్టన్ జాన్ పాడిన సింగిల్ బ్రిటన్‌లోనే 49 లక్షల దాకా పోయింది. క్వీన్ హిట్స్ ఆల్బమ్ అక్కడే 2022లో 70 లక్షలు దాటింది. రెంటి ధరలు వేరు, పాటల సంఖ్య వేరు.

వ్యాఖ్య: ‘బ్రిటిష్’ అన్న మాట కూడా చూసుకోండి. బీ జీస్ బృందంలోని ముగ్గురు అన్నదమ్ములూ ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టారు, అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమే కాదు. మాంచెస్టర్‌లో పెరిగి, ఆస్ట్రేలియా వెళ్లి, 1967లో తిరిగొచ్చారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌లో హిట్ల రోజుల్లో ఉన్న ఐదుగురిలో ఇద్దరు అమెరికన్లు.

ప్రశ్న: అయితే వరస సంఖ్యలు తీసేస్తాను. ఒక్కొక్కరికీ ఏ దేశపు లెక్కో, ఎవరిచ్చిన లెక్కో రాస్తాను. శీర్షికలో ‘రికార్డుల అమ్మకాల్లో ముందున్నవారు’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. ‘ముందున్న’ పక్కన ‘కొందరు’ కూడా చేర్చండి.