సమస్య: "పుస్తెలమ్మి జంట పులస తినెను"

నిర్వాహకుడు: మిత్రులారా, గోదావరికి ఎర్రనీరు తగిలింది. యానాంలో పులస చేపలు వేలంపాటకు వస్తున్నాయి. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అన్న సామెత ఎలాగూ అందరి నోటా ఉంది కాబట్టి దాన్నే కాస్త సాగదీసి ఆటవెలది చివరి పాదంగా ఇస్తున్నాను. పై మూడు పాదాలు మీరు పూరించాలి. భార్యాభర్తలు శని, ఆదివారాలకు ఎటైనా వెళ్లి కడుపారా తిని రావాలి. ఆ విహారం పద్యంలో కనబడాలి. పుస్తెలు మాత్రం నిజంగా తాకట్టుకు పోకూడదు.

కోనసీమ కొబ్బరి: మొదటి పూరణ నాదే కావాలని వంట ఆపుకొని కూర్చున్నాను.

శ్రావణంపు పెండ్లి సందడిన్ గొట్టుకుఁ
దాళిబొట్లకొఱకుఁ దరలె జనము;
వలపుతోడఁ జేరి వారాంతమున డిండి,
పుస్తెలమ్మి జంట పులస తినెను.

నిర్వాహకుడు: శభాష్! అమ్మింది తమ మెడలోవి కాదు, కొట్టులోవి! బంగారు కొట్టు వాళ్లకు పుస్తెలమ్మడమే వ్యాపారం. ముహూర్తాల గిరాకీ, వరదచేప ఒకే నెలలో రావడం ఎంత బాగా కలిసొచ్చిందో.

పోపులపెట్టె: కొబ్బరి గారూ, అర్థం మార్చిన మీ విరుపు చాలా నచ్చింది. కానీ మా ఇంట శ్రావణం నెలంతా నీసు వండం. మంగళవారం నోములు, శుక్రవారం వరలక్ష్మి పూజ. ఆ నెలలో బంగారు కొట్టు ఇల్లాలు చేప తిందంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

కోనసీమ కొబ్బరి: మా లంకల్లో ఎర్రనీరు వచ్చిందంటే పులస కోసం ఎదురుచూడని ఇల్లుండదండీ. నోము ఉన్నరోజు మానేస్తారు, మిగతా రోజుల్లో తింటారు. విలస సముద్రం విడిచి నదికి ఎదురీదేదే ఈ కొత్త నీటికి. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చేలోగా ఉప్పు విడిచి పులస అవుతుంది. అది మన పంచాంగం చూసుకొని రాదు కదా.

గణగ్రాహి: పోపులపెట్టె గారి మాటలో పద్యానికి పనికొచ్చేది ఒకటుంది. శ్రావణంలో పెళ్లిళ్ల గిరాకీ ఉండగా ఏ బంగారు కొట్టువాడు రెండు రోజులు తాళం వేసి పోతాడు? భాద్రపదం శూన్యమాసం. ముహూర్తాలుండవు, కొట్టుకు తీరిక, పులస ఇంకా దొరుకుతూనే ఉంటుంది. మూడో పాదం ఇలా మార్చండి:

భాద్రపదమునందుఁ బడవపై డిండిలో

డిండిలో ఇంటిపడవలున్నాయి. గోదావరి పాయ వశిష్ఠ మీద తేలుతూ తింటారు.

కోనసీమ కొబ్బరి: భాద్రపదం ఒప్పుకుంటాను, ఆ తర్కం కాదనలేనిది. కానీ నిర్వాహకులు అడిగిన వారాంతం ఎగిరిపోయింది.

పెన్నాతీరం: అమ్మకం అనగానే అందరూ కొట్టు తెరిచారు. నేను కొట్టు దాకా పోలేదు.

కడప విడిచి రైలు గౌతమి వంతెన
పైకి రాఁగ మురిసి పడుచు వరుఁడు,
మెడను పసుపుతాడు మిలమిల మెఱసెడి
పుస్తెలమ్మి జంట పులస తినెను.

పుస్తెల అమ్మి. మా సీమలో ఆడపిల్లను అమ్మీ అని పిలుస్తాం. కొత్తగా పుస్తెలు కట్టించుకున్న అమ్మి జంటగా వరుడు పులస తిన్నాడు. అమ్మకమే లేదు.

నిర్వాహకుడు: అద్భుతం పెన్నాతీరం గారూ! క్రియను నామవాచకం చేసేశారు. మూడో పాదం చదువుతుంటే ఆ పిల్ల కళ్లముందు నిలబడింది.

గణగ్రాహి: విరుపు మంచిదే, మనసారా ఒప్పుకుంటున్నాను. రెండు అభ్యంతరాలు. "జంట" ఒక్కటే జంటగా అనే అర్థం ఇవ్వదు, "గా" లేని లోటు తెలుస్తోంది. ఇక రెండోది: రాజమండ్రి రైలు వంతెన కింద ఉన్నది అఖండ గోదావరి. గౌతమి, వశిష్ఠ పాయలు విడిపోయేది ధవళేశ్వరం దిగువన. మీ కడప రైలు గౌతమిని ఎక్కడ దాటింది?

పెన్నాతీరం: గౌతమ మహర్షి తెచ్చిన నది కనుక మొత్తం గోదావరికే గౌతమి అని పేరు. "వాని జంట పోయినాడు" అంటే తోడుగా పోయాడనే మా ఊళ్లో అర్థం. గణగ్రాహి గారు నా పద్యంలో నదులు కొలుస్తున్నారు, మంచిదే. మరి "వెదురు పొయ్యిలోన వెన్న పూచె" సమస్యకు తమరు గతంలో రాసిన "మారెడుమిలి దారి మంచులో" సంగతేమిటి? మారేడుమిల్లిలో దీర్ఘం ఒకటి, ద్విత్వం ఒకటి కోసేసి గణం (పాదంలో అక్షరాల గుంపు) నింపుకున్నారు. ఊరి పేరు నరికినవారు నది పేరు పట్టుకొని అడగడం న్యాయం కాదు.

గణగ్రాహి: ఆ పద్యంలో బొంగులో చికెన్ నూనె చుక్క లేకుండా తన కొవ్వుతోనే ఉడుకుతుందని చెప్పిన తీరును అప్పుడు మీరే మెచ్చుకున్నారు.

పెన్నాతీరం: వంటను మెచ్చుకున్నాను. ఊరిపేరును మెచ్చుకోలేదు. ఐదో గణంలో "మారేడు" పెట్టి, తర్వాతి పాదం "మిల్లి" తో మొదలుపెడితే పేరు పేరుగానే ఉండేది.

నిర్వాహకుడు: మారేడుమిల్లి నుంచి వెనక్కి రండి, ఇద్దరికీ దండం. మన కొత్త సభ్యురాలి పూరణ వచ్చింది.

పోపులపెట్టె: ఇంట్లో వండినా నేను మాత్రం శాకాహారిని. మా జంట పూతరేకుల కోసం వెళ్లినట్టు రాశాను.

ఆత్రేయపురము పూతరేకుల రుచిఁ జూచి
మేము మురిసి నిద్ర మేలుకొనఁగ,
పక్క గదిని వింత! పంతమ్ముతోఁ గొత్త
పుస్తెలమ్మి జంట పులస తినెను.

గణగ్రాహి: "ఆత్రే" రెండు గురువులు. ఆటవెలది మొదటి గణంలో అవి ఇమడవు, అక్కడే తప్పింది. అంతకంటే పెద్ద లోటు, పక్కగది వాళ్లు నిజంగానే పుస్తెలు అమ్మేశారు. సమస్య అలాగే మిగిలిపోయింది.

పెన్నాతీరం: చెల్లెమ్మా, నువ్వు ఊరిపేరును నరకలేదు, అది చాలు నాకు. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన తీపి అది, పేరు నిండుగా ఉండాల్సిందే. "ఆత్రేయ" ను నాలుగో గణానికి జరుపుకుంటే సరిపోతుంది. సామెతను సామెతగానే వదిలేస్తే అమ్మకమూ పోతుంది:

అందమైన పొరల నాత్రేయపుర రేకు
తినఁగ మాకుఁ దీరెఁ దీపి మోజు;
వినినదెల్లఁ గల్ల, వెనుకటి మాటయే
"పుస్తెలమ్మి జంట పులస తినెను".

పోపులపెట్టె: అన్నా, ఇది నేను రాయాలనుకున్న పద్యమే! వేడి కుండ మీద బియ్యపు పిండి జారు పూసిన గుడ్డ లాగితే ఊడివచ్చే ఆ రేకు, మధ్యలో నెయ్యి, బెల్లం పొడి. పులస తినేవాళ్ల మీద నాకు అసూయ లేదు.

గణగ్రాహి: ఈ సవరణ చక్కగా ఉంది. "నాత్రేయ" దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన, అతికినట్టుంది. పెన్నాతీరం గారి చేతి పని అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కోనసీమ కొబ్బరి: వారాంతం పోయిందన్న బాధ నన్ను వదల్లేదు. అసలు పులసకు వారాంతమే సరైన అదును. మట్టిచట్టిలో చింతపండు పులుసు, బెండకాయలు, చివర్లో ఆవకాయ నూనె వేసి వండాక ఆ పూట మూత తీయకూడదు. ముల్లు ముల్లుకూ పులుపు పట్టి మర్నాటికే రుచి తేరుతుంది. శనివారం దిగినవాళ్లు ఆదివారం తింటారు. భాద్రపదం పేరెత్తకుండానే కొట్టు మూయించాను:

శనిదినమున వండి చట్టిలో, మరునాఁడు
పులుపు పట్టినంత పులుసు కుదిరె;
కొట్టు మూసి వచ్చి గోదారి గట్టున
పుస్తెలమ్మి జంట పులస తినెను.

నిర్వాహకుడు: ఈ వారం ఇదే మేటి పూరణ. పులుసు ఒక రాత్రి ఊరడమే విహారానికి రెండు రోజుల గడువయింది. విరుపులో మాత్రం పెన్నాతీరం గారి "అమ్మి" కి సాటి లేదు.

గణగ్రాహి: మేటి పూరణే. కానీ అది ఏ కొట్టో మొదటి పద్యం చదవనివాళ్లకు "పుస్తెలమ్మి" దాకా తెలియదు. "పసిఁడి" అన్న మాట ఎక్కడైనా ఇమిడితే బాగుండేది.

పెన్నాతీరం: చివరి పాదం దాకా తెలియకపోవడమే సమస్యాపూరణంలో సొగసు. ఈ ఒక్కసారికి నేను కొబ్బరి గారి పక్షం.