వాడుకరుల అనుభవాలు అడిగితే మెచ్చుకోళ్లు మాత్రమే వస్తున్నాయి, ఏం చేయాలి?

పుటలదొంతర:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ ఇదే పని మీద కూర్చున్నాను, ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. సొంత నోట్సు రాసుకునే పరికరం ఒకదాన్ని తెలుగువారికి పరిచయం చేద్దామని, ఇప్పటికే వాడుతున్నవారి అనుభవాలతో ఒక పుట తయారుచేయాలని సంకల్పించాను. ఫారం తయారుచేసి, తెలిసిన బృందాలన్నిటిలో లింకు పెట్టాను. జవాబులు బాగానే వచ్చాయి. కానీ అన్నీ "చాలా బాగుంది", "ఎంతో ఉపయోగకరంగా ఉంది", "అందరూ వాడాలి" అన్న తీరులోనే ఉన్నాయి. వీటినే పుటలో వరుసగా పేర్చితే చదివేవారికి అది ప్రకటనలా కనిపిస్తుంది తప్ప, తమ పనికి ఇది పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఏమీ దొరకదు. ఫారం మార్చాలా, ఫోన్ చేసి మాట్లాడాలా, లేక వచ్చిన జవాబులనే నేను పెంచి రాయాలా? దయచేసి దారి చూపండి.

సూటిమాట:
ఏ పరికరం? పుట ఎవరి కోసం? ఫారంలో అడిగిన ప్రశ్నలేమిటి? ఈ మూడూ లేకుండా ఎవరూ జవాబు చెప్పలేరు.

పనిపట్టిక:
సాఫ్ట్‌వేర్ తయారీలో వాడుకరుల అవసరాలను యూజర్ స్టోరీలుగా సేకరిస్తారు, దానికి చక్కని పద్ధతి ఎప్పుడో స్థిరపడింది. కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానంతో అది మొదలైంది. "ఫలానా పని చేసే నాకు ఫలానా సౌకర్యం కావాలి, దానివల్ల ఫలానా ప్రయోజనం నెరవేరుతుంది" అన్న ఒకే వాక్యంలో వాడుకరి అవసరాన్ని కార్డు మీద రాస్తారు. ఆ విధానాన్ని రూపొందించినవారిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ 2001లో దీన్ని కార్డు, సంభాషణ, నిర్ధారణ అని మూడు భాగాలుగా వివరించారు. కార్డు మీది వాక్యం సంభాషణకు గుర్తు మాత్రమే, అసలు విషయం ఆ సంభాషణలోనే తేలుతుంది. మీరు కూడా ఫారంలో ఇదే మూసను ఇచ్చి, ఖాళీలు నింపమని అడిగితే జవాబులు అదుపులోకి వస్తాయి.

పుటలదొంతర:
సూటిమాట గారూ, పరికరం టిడ్లీవికీ. ఈ బృందంలో ఎక్కువగా దాని గురించే మాట్లాడుకుంటాం కాబట్టి వేరుగా చెప్పనక్కర లేదనుకున్నాను. పుట ఉద్దేశించింది దాని పేరు కూడా వినని తెలుగువారి కోసం, ముఖ్యంగా ఉపాధ్యాయులు, పరిశోధక విద్యార్థులు, ఇంటి వివరాలను ఒకచోట పెట్టుకోవాలనుకునేవారి కోసం. ఫారంలో మూడు ప్రశ్నలున్నాయి: ఎంతకాలంగా వాడుతున్నారు, మీకు ఏం నచ్చింది, ఇతరులకు సిఫారసు చేస్తారా.

పనిపట్టిక గారూ, ఆ మూసలో రాయమంటే జనం తమకు లేని సౌకర్యాలు కోరుతారేమో. నాకు కావలసింది ఉన్నదాన్ని ఎలా వాడుకుంటున్నారన్నది.

పనిపట్టిక:
అయితే మీరు అడుగుతున్నవి యూజర్ స్టోరీలు కావు. వాటిని వాడుక ఉదాహరణలు అనాలి. పేరు సరిగా పెట్టకపోతే జవాబులు కూడా అలాగే వస్తాయి.

శిలాక్షరం:
పేరు విషయంలో పనిపట్టిక గారితో నాకు పేచీ లేదు, అయితే ఫారం నింపేవారికి ఆ తేడా తెలియదు, తెలియనక్కర లేదు కూడా. చిక్కు ప్రశ్నల్లోనే ఉంది. "ఏం నచ్చింది", "సిఫారసు చేస్తారా" అన్నవి రెండూ అభిప్రాయాన్ని అడుగుతున్నాయి, అభిప్రాయం అడిగితే మర్యాద తెలిసిన మనిషి మెచ్చుకునే ఊరుకుంటాడు. మీరు పనిని అడగండి. చివరిసారి టిడ్లీవికీ తెరిచి ఏం వెతికారు, అది దొరికిందా, దొరికాక దానితో ఏం చేశారు? ఈ వివరాలు దీనికి ముందు ఎక్కడ రాసుకునేవారు, అక్కడ ఏది ఇబ్బందైంది? ఈ నెలలో మీరు ఎక్కువసార్లు తెరిచిన టిడ్లర్ (టిడ్లీవికీలోని ఒక్కో విడి నోటు) పేరేమిటి? ఇలా అడిగితే "బాగుంది" అన్న మాటకు చోటే ఉండదు.

నా సంగతే ఉదాహరణగా చెబుతాను, పుటకు పనికొస్తే వాడుకోండి. నేను శాసనాల మీద పనిచేస్తాను. ఒక్కో శాసనానికి ఒక టిడ్లర్ పెట్టి ఊరు, రాజవంశం, దాత, శక సంవత్సరం అన్నవాటిని వేర్వేరు ఫీల్డులుగా రాసుకుంటాను. మొదట్లో ఫీల్డుల పేర్లు చిన్న రోమన్ అక్షరాలు, అంకెలు, రెండు మూడు గుర్తులతోనే ఉండాలన్న నియమం ఉండేది. 2021లో వచ్చిన 5.2.0 వెర్షన్‌లో ఆ నియమం తొలగిపోయాక "దాత", "శకం" అని తెలుగులోనే పెట్టుకున్నాను. శాసనంలో శకం 1100 అని ఉంటే 78 కలిపి సామాన్య శకం 1178 అని పక్కనే మరో ఫీల్డులో వేస్తాను. మాసాన్ని బట్టి అది 1179 కూడా కావచ్చు కాబట్టి మాసం కూడా నమోదు చేస్తాను. దాత పేరు కనిపించిన ప్రతిచోటా దాన్ని లింకుగా రాస్తాను. ఆ పేరుతో టిడ్లర్ ఇంకా లేకపోయినా లింకు ఏటవాలు అక్షరాల్లో కనిపిస్తుంది, రాయవలసినవాటి జాబితాలో దానంతటదే చేరుతుంది. ఒకసారి అలాంటి పేరొకదానికి టిడ్లర్ రాసి, దాని సమాచారం తెరిచి, ఎవరెవరు దీన్ని ప్రస్తావించారో చూపే భాగంలోకి వెళ్తే, రెండు వేర్వేరు ఊళ్ల శాసనాలు పక్కపక్కనే కనిపించాయి. ఆ రెండూ ఒకే వ్యక్తి దానాలా, లేక ఒకే పేరున్న ఇద్దరివా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది. కాగితం మీద అవి రెండు పుస్తకాల్లో ఉండేవి, వాటిని కలిపి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. అయినా పరిశోధక విద్యార్థి చదివితే ఇది తనకు పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

పుటలదొంతర:
ఇదే, సరిగ్గా ఇలాంటివే నాకు కావాలి. ఇలా రాసిపెట్టినవారు ఎవరూ లేరు. మీ వికీ ఫైలు పంపితే దాన్నే నమూనాగా పుటలో పెట్టవచ్చా? మిగిలినవారిని కూడా తమ ఫైళ్లు పంపమని అడుగుతాను.

గోప్యం:
ఆ పని చేయవద్దు, దయచేసి ఆగండి. టిడ్లీవికీ అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. నోట్సు, బొమ్మలు, అమరికలు, సగం రాసి వదిలేసిన చిత్తుప్రతులు, అన్నీ అందులోనే ఉంటాయి. తెర మీద కనిపించేవి మాత్రమే వెళ్తాయనుకుని పంపేవారి ఫైల్లో ఇంటివారి ఆరోగ్య వివరాలో, బ్యాంకు ఖాతా సంఖ్యలో ఉండవచ్చు. అమరికల్లో వాడుకరి పేరు ఇచ్చినవారికైతే ప్రతి టిడ్లర్‌లోనూ రాసినవారి పేరు, మార్చినవారి పేరు వాటంతటవే నమోదవుతాయి.

చట్టం సంగతి కూడా చూడాలి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా ప్రయోజనానికి అని స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని అది చెబుతోంది. 18 ఏళ్లు నిండనివారిని అది పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఉపాధ్యాయుల అనుభవాలు సేకరిస్తామంటున్నారు కాబట్టి ఇది మీకు నేరుగా సంబంధించిన విషయం. ఒక ఉపాధ్యాయిని తన తరగతి నోట్సు స్క్రీన్‌షాట్ పంపితే అందులో పిల్లల పేర్లూ మార్కులూ ఉంటాయి. ఆమె సమ్మతి ఆ పిల్లల సమ్మతి కాదు. ఇక దీని మీద ఇంకా చెప్పాలంటే...

సూటిమాట:
వద్దు. ఫైలు పంపకుండా నమూనా ఎలా ఇవ్వాలో చెప్పండి.

గోప్యం:
చెబుతాను. చూపించడానికి అభ్యంతరం లేని టిడ్లర్లకు మాత్రమే "చూపవచ్చు" అన్న ట్యాగు వేయమనండి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఫిల్టర్ భాగానికి వెళ్లి ఆ ట్యాగు ఉన్నవాటిని వడపోసి, పక్కనున్న ఎగుమతి గుర్తు నొక్కితే అవి మాత్రమే జేసన్ ఫైలుగా వస్తాయి. దాన్ని ఖాళీ టిడ్లీవికీలోకి లాగి వదిలి, ఒకసారి చదివి చూసుకున్నాకే పంపమనండి. పుటలో పెట్టే ముందు మీరు రాసిన తుది పాఠాన్ని వారికి చూపించి, "ఇది ఇలాగే ప్రచురించవచ్చు" అన్న మాట రాతలో తీసుకోండి. తరవాత తీసేయమంటే తీసేయండి. పేరు అక్కరలేదనుకునేవారిని వృత్తితోనూ ప్రాంతంతోనూ పరిచయం చేస్తే సరిపోతుంది. అయితే చిన్న ఊరైతే ఆ రెండు వివరాలతోనే మనిషిని పోల్చుకోవచ్చు, ఆ జాగ్రత్త మీదే.

అక్షరలక్షణం:
నమూనాలు సేకరించే ముందు అందరూ పట్టించుకోవలసిన మరో విషయం ఉంది. తెలుగులో "సాఫ్ట్‌వేర్" అన్న మాటను రెండు రకాలుగా టైపు చేయవచ్చు. మధ్యలో పొల్లును విడిగా నిలిపే కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఒక కీబోర్డు దాన్ని చేర్చుతుంది, మరొకటి చేర్చదు. మనిషి కంటికి రెండూ దగ్గరగానే కనిపించినా కంప్యూటరుకు అవి వేర్వేరు పదాలు. దానితో ఒకే విషయానికి రెండు ట్యాగులు తయారవుతాయి, ఒకదానిని నొక్కితే రెండో దాని కింద ఉన్న నోట్సు కనిపించదు, వెతికినా దొరకదు. వేర్వేరు మనుషుల టిడ్లర్లను మీరు ఒక్కచోట చేర్చబోతున్నారు కాబట్టి ఈ చిక్కు మీకు తప్పకుండా ఎదురవుతుంది. నా దృష్టిలో తెలుగు డిజిటల్ రాతకు ఇంతకన్నా పెద్ద సమస్య లేదు, దీని మీద ఎవరూ శ్రద్ధ పెట్టడం లేదు.

పనిపట్టిక:
అది ట్యాగుల సమస్య. ఇక్కడ అడిగింది అనుభవాల సేకరణ గురించి.

అక్షరలక్షణం:
తెలుగులో నోట్సు రాసుకునేవారి అనుభవంలో ఇదీ భాగమే. "రాసింది వెతికితే దొరకలేదు" అన్నవారిని వదిలేసి పుట తయారుచేస్తే అది ఎవరి అనుభవం అవుతుంది?

శిలాక్షరం:
అక్షరలక్షణం గారు చెప్పినదానిలో పెద్ద విషయం ఉంది. వాడుతున్నవారినే కాదు, వాడి ఆపేసినవారిని కూడా అడగాలి. కొత్తవారు టిడ్లీవికీని వదిలేసే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే, అది సేవ్ చేయడం. బ్రౌజర్ భద్రత కోసం సాధారణంగా ఏ పుటనూ డిస్కు మీద ఉన్న తన ఫైలునే నేరుగా తిరగరాయనివ్వదు. అందుకే మామూలుగా సేవ్ నొక్కితే కొత్త నకలు డౌన్‌లోడ్ అవుతుంది, కొద్ది రోజులకు ఏది తాజా ప్రతో తెలియని పరిస్థితి వస్తుంది. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ అన్న పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఈ చిక్కును తీర్చేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటినీ నిలిపివేయడంతో అదీ ఆగిపోయింది. ఇప్పుడు కొందరు కంప్యూటరులో టిడ్లీడెస్క్‌టాప్ వాడతారు, కొందరు ఆండ్రాయిడ్ ఫోనులో టిడ్లాయిడ్ వాడతారు, కొందరు నోడ్‌జేఎస్ అన్న ప్రోగ్రాముతో నడుపుతారు, అప్పుడు ఒక్కో టిడ్లర్ ఒక్కో ఫైలుగా ఉంటుంది. మీ పుటలోని ప్రతి అనుభవం కిందా "కంప్యూటరు మీదా ఫోను మీదా, ఎలా సేవ్ చేస్తున్నారు, బ్యాకప్ ఎక్కడుంది" అన్న మూడు ముక్కలు తప్పనిసరిగా ఉండాలి. ఆ మూడూ లేకుండా నా శాసనాల కథ చదివి ఉత్సాహంతో మొదలుపెట్టిన విద్యార్థి రెండో వారంలోనే రాసింది పోగొట్టుకుంటాడు, అందుకు మనం బాధ్యులమవుతాం.

పనిపట్టిక:
ఇది పరిచయ పుట. ఆపేసినవారి మాటలు పెడితే ఎవరు మొదలుపెడతారు? ఇబ్బందులు రాయడానికి సహాయ పుట వేరుగా ఉండాలి.

శిలాక్షరం:
నేను ఒప్పుకోలేను. ఇబ్బంది తెలియకుండా మొదలుపెట్టినవారు ఎలాగూ ఆపేస్తారు, ఆపేసి మరో పది మందికి వద్దని చెబుతారు. అయినా ఆపేసినవారి మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించమనడం లేదు. వారు ఎక్కడ ఆగారో తెలిస్తే, అదే చోట నిలదొక్కుకున్నవారిని వెతికి "మీరు దీన్ని ఎలా దాటారు" అని అడగవచ్చు. పుటలో ఆ జవాబు ఉంటుంది.

సూటిమాట:
ఫారం కన్నా ఫోన్ మేలు. మాట్లాడండి, రాసుకోండి, చూపించి ఒప్పించుకోండి.

శిలాక్షరం:
సూటిమాట గారితో ఏకీభవిస్తాను. వచ్చిన జవాబుల్లో ఒక్కటైనా వస్తువు పేరో, పని పేరో ఉన్నవాటిని ఏరి, వారికే ఫోన్ చేయండి. "పంట లెక్కలకు బాగుంది" అని ఎవరైనా రాసి ఉంటే ఏ పంట, ఏ లెక్క, ఎరువు వేసిన తేదీలా, కూలీల లెక్కలా, ఎప్పుడు తిరిగి చూస్తారు అని అడగండి. మీరు పెంచి రాయడం మాత్రం వద్దు. వారు అనని మాట ఒక్కటి చేరినా, వారిని ఎరిగినవారు చదివితే మిగతా పుట మీద కూడా నమ్మకం పోతుంది.

మరొక సూచన. ఆ పుటను కూడా టిడ్లీవికీలోనే తయారుచేయండి, టిడ్లీవికీ అధికారిక సైటు కూడా అలాంటిదే. ఒక్కో అనుభవం ఒక టిడ్లర్ అయితే, వృత్తి, కంప్యూటరా ఫోనా, సేవ్ పద్ధతి అన్నవి ట్యాగులైతే, ఉపాధ్యాయుడు తన వృత్తి ట్యాగు నొక్కి తనవంటివారి అనుభవాలు చదువుకుంటాడు, కావాలంటే ఆ పుటనే దించుకుని లోపల ఎలా కట్టారో చూస్తాడు. జెరెమీ రస్టన్ 2004లో దీన్ని విడుదల చేసినప్పటి నుంచీ ఉన్న గుణమే అది, పరికరమూ అందులోని రాతా ఒకే ఫైలులో ఉంటాయి.

అక్షరలక్షణం:
అలా చేస్తే ట్యాగులన్నీ ఒక్కరే టైపు చేయండి. లేకపోతే నేను చెప్పిన చిక్కు మొదటి రోజే వస్తుంది.

పుటలదొంతర:
అందరికీ ధన్యవాదాలు. పాత ప్రశ్నలు తీసేసి, చివరిసారి వెతికినది, ముందు రాసుకున్న చోటు, సేవ్ చేసే పద్ధతి అన్న మూడింటితో కొత్త ఫారం పెడుతున్నాను. ఫోన్ చేయవలసినవారి జాబితా కూడా వేశాను. శిలాక్షరం గారూ, మీ పాఠం రాసి మీకు పంపుతాను, చూసి చెప్పండి.

పైరగాలి:
ఈ చర్చ ఇప్పుడే చూశాను. నా దగ్గర మా నాన్నగారి వ్యవసాయ నోట్సు ఉంది, కానీ అది అను ఫాంట్లలో టైపు చేయించినది, టిడ్లీవికీలో అతికిస్తే అర్థం లేని అక్షరాలు వస్తున్నాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఎక్కించినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ తరవాత నా అనుభవం కూడా రాస్తాను.